మెలిచెక్కడపు కొయ్యకలము

మన శిల్పమును గూర్చి యేదేని యొక చరిత్రవ్యాసము వ్రాయుమని సంచికా సంపాదకులు మమ్ము కోరిరి. దేవాలయములను గూర్చియు, రథములను గూర్చియు, పంచలోహ విగ్రహములను గూర్చియు పెద్దలు ఏటేట వ్రాయుచునే యున్నారు. వారు విడిచిన చోట మేము కొత్తగా చెప్పదగినది స్వల్పము. అందుచేత పిడికిట పట్టునంతటి చిన్నవస్తువు నొకదానిని ఎన్నుకొంటిమి. అది కొయ్యను తరిమెన పట్టి, ఒడలంతయు మెలికలుగా చెక్కిన సిరాకలము. ఈ వ్యాసమును గూడ అట్టి కలముతోనే వ్రాయుచున్నాము.

మొదటనే యొక మాట చెప్పవలసియున్నది. సిరాకలము మన పూర్వులే కనిపెట్టిరనియు, విశ్వకర్మ శాస్త్రములయందు దాని లక్షణములు గలవనియు చెప్పు వ్రాతలు కొన్ని మా కంటబడినవి. వ్రాసినవారిలో మాకు మిత్రులును గలరు. అయినను వారి మాటకు ప్రమాణము లేదు. మేము నలువదియేండ్లు సంస్కృత గ్రంథములతో కాలము గడపినవారము. ఉన్నయెడల చూచి సంతోషించువారిలో ముందుందుము. తెలుగుదేశమున మన పూర్వులు తాటాకుపై ఇనుపగంటముతో వ్రాసిరి. గంటమునకు సిరాతో పనియే లేదు. ఆకుపై గీసి, పిదప మసి పూసి తుడిచినచో గీతలయందు మసి నిలిచి అక్షరము కనబడును. ఉత్తరదేశమున భూర్జపత్రముపై లేఖినితో మసిసిరా నద్దుకొని వ్రాసిరి. ఆ గంటమును సాగగొట్టి, మొన తీర్చి, పిడికి నగిషీ చెక్కినవాడు మన కమ్మరియే. ఆ గౌరవము చాలును. లేనిదానిని కలుపుకొన్నచో ఉన్నదానినిగూడ ఇతరులు నమ్మరు.

సిరాను తనలోనే దాచుకొని, వ్రాయునపుడు మాత్రమే విడుచు కలము కావలెనని కోరినవారిలో మనకు తెలిసిన మొదటివాడు ఈజిప్టు నేలిన ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్జు. ఇది క్రీస్తుశకము పదవ శతాబ్దపు మాట. ఆయన కోరినట్లు పనివాడు బంగారముతో నట్టి కలము చేసి యిచ్చెనని ఆయన కొలువులోని న్యాయాధిపతి యొకడు వ్రాసియుంచెను. దాని యంతర్నిర్మాణ మెట్టిదో ఆ వ్రాతవలన తెలియదు. తరువాత 1827లో పారిసు నగరమున చదువుకొనుచున్న పెట్రాకే పోయెనారు అను రుమేనియా విద్యార్థి హంసయీక లోపల సిరా నిలుపు కలమునకు ఫ్రెంచి ప్రభుత్వమువలన హక్కుపత్రము పొందెను. అయినను అప్పటి కలములకు రెండే గుణములు: సిరా రాకపోవుట, వచ్చినచో కాగితమంతయు పాఱుట. ఈ చిక్కును విడదీసినవాడు అమెరికాదేశస్థుడు లూయీ ఎడ్సన్ వాటర్మన్. అతడు జీవితభీమా పనివాడు. 1884లో అతడు పొందిన హక్కుపత్రములోని రహస్యము పాళీక్రింది నాలుకయందున్నది. ఆ నాలుకలో వెండ్రుకవంటి సన్నని చీలికలు మూడు గలవు. సిరా క్రిందికి దిగుచుండగా గాలి పైకి పోయి, దిగిన సిరా మేరకు చోటు నింపును. గాలి పోనిదే సిరా రాదు. అతని మొదటి కలమును బండిచక్రపు ఆకుకొయ్యతో చేసికొనెనని యొక ఐతిహ్యము గలదు. అది నిజమైనను కాకున్నను, చక్రము చేయు వడ్లవారికి వినసొంపైన కథయే.

ఇక కలపుగొట్టము దేనితో చేయుదురనునది మన వ్యాసమునకు ముఖ్యము. 1839లో చార్లెస్ గుడ్యియరు రబ్బరును గంధకముతో కలిపి కాచిన గట్టిపడునని కనుగొనెను. గంధకము పాలు హెచ్చించి మఱింత కాచిన అది కఱ్ఱవలె గట్టియై, నల్లనై, మెఱుగు పట్టును. దానికి ఎబొనైటు అని పేరు. ఈ పేరు ఎబనీ యను నల్లచేవ కొయ్యనుండి వచ్చినది. ఎబనీ మన తుమికి జాతిది, సంస్కృతమున తిందుకము. మన యడవులలోని తుమికియాకు బీడీలకు పోవును, ముదురు చెట్టు చేవ పనివానికి వచ్చును. కావున ఎబొనైటు పుట్టుకతోనే యొక కృత్రిమమైన కొయ్య. కొయ్యను తలచుకొని పేరు పెట్టబడిన యీ పదార్థమే కలముల విషయమున కొయ్యను త్రోసివేసినది. అది సిరా పీల్చదు, ఉబ్బదు, ఎండదు. నూఱేండ్ల క్రిందటి కలములలో హెచ్చుభాగము దానితో చేసినవే. అప్పటి విదేశపు వర్తకులు ఎఱుపు నలుపు కలిపి కొయ్యజీరలవలె కనబడు ఎబొనైటును అమ్మిరి. కొయ్యమీది మోజు మాత్రము జనులకు పోలేదన్నమాట.

మెలిక కథ ఇంతకంటె పాతది. మెలిక చెక్కుటకు ముందు కొయ్యను గుండ్రన చేయవలెను. గుండ్రన చేయు సాధనము తరిమెన. సంస్కృతమున దీనికి భ్రమియనియు, చక్రభ్రమమనియు పేర్లు. సూర్యుని తేజస్సును భరింపజాలక ఆయన భార్యయగు సంజ్ఞ తన తండ్రి విశ్వకర్మ యింటికి పోయిన కథ మన పిల్లలకు సైతము తెలియును. విశ్వకర్మ అల్లుని తరిమెన కెక్కించి తేజస్సును చెక్కి తగ్గించెననియు, ఆ రాలిన పొట్టుతో విష్ణువునకు చక్రమును శివునకు త్రిశూలమును చేసెననియు విష్ణుపురాణము చెప్పుచున్నది. కాళిదాసు రఘువంశము ఆఱవసర్గలో అవంతి రాజును వర్ణించుచు ఈ కథనే ఉపమానముగా తెచ్చెను. మేము తరగతిలో ఆ శ్లోకము చెప్పినప్పుడెల్ల పిల్లలు సూర్యుని యెట్లు బిగించిరని యడుగుచుండిరి. కవికి తరిమెన పరిచితమైనది కానిచో ఆ యుపమ పుట్టదు. వినువారికి పరిచితము కానిచో పండదు. వేయిన్నూట అఱువదిమూడవ సంవత్సరమున, అనగా 1163లో, కాకతి రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడిలోని స్తంభములను చూచినవారికి, అవి తరిమెన పట్టిన కొయ్యను చూచి చేసినవేమో యని తోచకపోదు. అంచులును, కుత్తుకలును, సన్నని పట్టెలును అన్నియు కొయ్యపనివాని భాషయే.

అయితే గుండ్రని పట్టెలు వేఱు, మెలిక వేఱు. పట్టె తనలో తాను ముగియును. మెలిక నడచుచు చుట్టును. నత్తగుల్లవలె ఒకే తలమున లోనికి ముడుచుకొను చుట్టును, మరమేకువలె పొడవునకు సాగు చుట్టును మనవారు రెంటిని చుట్టు అనియే యందురుగాని, పనివానికి రెండును వేఱు. మన కలముపై నున్నది రెండవది. ఇది కుడివైపునకు తిరిగిన దక్షిణావర్తము, ఎడమవైపునకు తిరిగిన వామావర్తము. శంఖములయందు దక్షిణావర్తము దుర్లభము. కొయ్యయందు రెండును సమానమే.

ఇక మన తీరమున జరిగిన యొక విచిత్రమైన చరిత్ర చెప్పెదము. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున కోరమాండల్ తీరమున, అనగా మన బందరు మొదలు దక్షిణమున నాగపట్టణము వఱకు గల రేవుల వెంబడి, డచ్చివారికిని ఇంగ్లీషువారికిని నల్లచేవతో కుర్చీలును, మంచములును, పెట్టెలును చేసి పంపుచుండిరి. ఆ కుర్చీల కాళ్లును, అడ్డుకడ్డీలును, వీపుకడ్డీలును త్రాడు పేనినట్లు మెలితిరిగి యుండును. నడుమ పట్టెలపై పూలును తీగెలును ఎత్తుగా చెక్కబడియుండును. ఇట్టి కుర్చీలు కొన్ని ఇంగ్లండులోని పెద్దయిండ్లకు చేరినవి. నూఱేండ్లు గడచినవి. ఎవరు చేసిరో మఱచిపోయిరి. పదునెనిమిదవ శతాబ్దమున హోరేస్ వాల్పోల్ అను గొప్ప రసికుడు (జననము 1717, మరణము 1797) ఇట్టి నల్లకుర్చీలను సేకరించి, స్ట్రాబెరీహిల్ అను తన భవనమున నుంచెను. అవి తమ దేశమున ట్యూడరు రాజుల కాలమున చేసినవని అతడు దృఢముగా నమ్మెను. అతడు నమ్మినందున లోకము నమ్మినది. ఆ నమ్మకముతో తరువాతివారు ప్రాచీన ఇంగ్లీషు సామగ్రి యని అట్టి వానినే కొని యిండ్లు నింపుకొనిరి. అవి కోరమాండల్ తీరపు పని యని పిమ్మట పరిశోధకులు తేల్చిరి. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమునందు నేడును అట్టి సామగ్రి చూడవచ్చును.

ఈ వృత్తాంతమును మొదట చదివిననాడు మాకు నవ్వు వచ్చినది. రెండవమాఱు చదివినపుడు రాలేదు. పనివాడు పేరు చెక్కలేదు. కొన్నవాడు అడుగలేదు. చెక్కిన మెలిక మాత్రము మూడువందల యేండ్లు నిలిచినది, మఱియొక దేశపు రాజుల పేరున. ఆ కుర్చీలు చేసినవారందఱు మనవారే యని చెప్పుటకు మాకు ఆధారము లేదు. తీరమున వివిధ జాతుల పనివారుండిరి. విశాఖపట్టణపు పని సంగతి వేఱు. పదునెనిమిదవ శతాబ్దమున చేవకొయ్యలో దంతము పొదిగి, దానిపై నల్లగీతలతో చిత్రములు దీర్చు పెట్టెలకును మేజాలకును విశాఖపట్టణము ప్రసిద్ధి కెక్కినది. ఆ పనివారు కంసాలి కులమువారని పరిశోధకులు వ్రాసియున్నారు. పెట్టెలతోపాటు వ్రాతసామగ్రి నుంచుకొను మేజాపెట్టెలును అక్కడనుండి పోయినవి. కలము పెట్టుకొను పెట్టె చేసినవారు కలము చేయుటకు ఇంక నూటయేబదియేండ్లు పట్టినది.

ఆ కలము రాజమహేంద్రవరమున పుట్టినది. కోసూరి వెంకటరత్నముగారు స్వర్ణకారపు నేర్పుగల పనివారు. 1921లో గాంధీమహాత్ముని కలిసికొన్నపుడు, సామాన్యజనులకు నిత్యము పనికివచ్చు వస్తువు నొకదానిని స్వదేశమున చేయుమని ఆయన చెప్పెననియు, అది మనస్సున నాటుకొని సిరాకలమును పట్టుకొనిరనియు చెప్పుదురు. 1932లో రత్నం కలముల పని ప్రారంభమైనది. మొదట చేసిన కలములలో కొంత విదేశపుసామగ్రి యుండగా మహాత్ముడు అంగీకరింపలేదట. పాళీతో సహా అన్నియు ఇచ్చటనే చేసి పంపిన పిమ్మట అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘపు కుమారప్పగారిద్వారా అది ఆయనకు చేరినది. దానితో వ్రాసి చూచితిననియు, బజారులో దొరకు విదేశపుకలములకు బదులు మంచిదనియు తెలుపుచు మహాత్ముడు 1935 జూలై 16వ తేదీన ఉత్తరము వ్రాసెను. ఇది యిప్పుడు అందఱెఱిగిన కథ. దానిలో అందఱు గమనింపనిది పాళీ. ముప్పిరిగా వంచిన చిన్నరేకును చీల్చి, రెండు మొనలు ఒకదానినొకటి తాకీతాకనట్లు నిలుపుటకు స్వర్ణకారుని పట్టుకారును, ఆకురాయియు పట్టిన చేయి కావలెను. గొట్టమును తరిమెన పట్టుట వడ్లవారి విద్య, పాళీ తీర్చుట అగసాలె విద్య. మన అయిదు వృత్తులలో రెండు ఆ యొక్క వస్తువునందు కలిసినవి. ఉలి కాచి పదును పెట్టిన కమ్మరిని, ఇత్తడి బిళ్ల పోసిన కంచరిని చేర్చుకొన్నచో నాలుగు. శిల్పిని తెచ్చుటకు సానరాయిని చూపవలసివచ్చును, అంతవఱకు పోము.

రాజమహేంద్రవరపు కలములు ఎబొనైటువి. కొయ్యతో చేయకపోవుటకు కారణము మేము పుస్తకములలో నేర్వలేదు. మా తప్పుతో నేర్చితిమి. ఆ సంగతి వ్రాయవలెనా మానవలెనా యని కొన్నినాళ్లు తటపటాయించితిమి.

1989వ సంవత్సరమున గోదావరి తీరమున ఒక ఉన్నతపాఠశాలలో మేము తెలుగు పండితులముగా నుంటిమి. తొమ్మిదవ తరగతిలో మన కులమువాడే యొక పిల్లవాడు అర్ధసంవత్సర పరీక్షకు కొయ్యకలము తెచ్చెను. చూచుటకు అందముగానే యుండెను. గొట్టమంతయు పేనిన త్రాడువలె మెలితిరిగియుండెను. పరీక్ష సగము గడచుసరికి గొట్టపు పొరలనుండి సిరా ఊటవలె వచ్చి కాగితమును, బల్లను, ప్రక్కపిల్లవాని చొక్కాను తడిపెను. మేము కోపముతో దానిని లాగికొని కిటికీలోనుండి పాఱవైచితిమి. "మీ యింట ఇంతకంటె మంచి పని లేదా" అని యంటిమి. పదిమంది పిల్లలు నవ్విరి. కులమువాడనిన చనువుతో అట్లు పలికితిమి. మఱియొకని నంతమాట యనియుండము.

సాయంకాలము వాని తండ్రి వచ్చెను. తలుపులు, కిటికీలు, మంచపుకోళ్లు తరిమెన పట్టి బ్రతుకువాడు. ఆవరణలో వంగి వెదకి కలము నేరుకొని, మా యెదుటకు వచ్చి నిలిచెను. మేము మాటలాడుటకు ముందే, "తప్పు పిల్లోడిది కాదండి పంతులుగారూ, నాది. కొయ్య సిరా తాగుద్దని మర్చిపోయాను. దానికి లోపల ఇత్తడి తొడగాలండి" అనెను. అంతే. కలముతో ఇంటికి పోయెను. ఇరువది దినములకు మఱల వచ్చి, వస్త్రమున చుట్టిన క్రొత్తకలము మా బల్లపై పెట్టెను. వెల అడుగగా పుచ్చుకొనలేదు. ఆ కలమే యిది. సిరా యొలికినది లేదు. పాళీ రెండుమాఱులు మార్చితిమి.

తరువాత ఎనిమిదేండ్లు, ఆయన చేయి వణకువఱకు, సెలవుదినముల ఆ పందిరిలో కూర్చుండి చూచితిమి. అక్కడ నేర్చినదానిని వ్రాసెదము. వ్రాసినవారు లేరు గనుక.

కొయ్య చేవది కావలెను. తుమికి, ఇరుగుడు, ఎఱ్ఱచందనము, చింతచేవ యీ పనికి మంచివి. అంకుడు మెత్తనిది. ఏటికొప్పాక బొమ్మలకు అదియే ప్రాణమైనను, కలమున సన్నని మెలిక గట్టు దానిలో నిలువదు, అంచులు రాలును. చెట్టు గుండెభాగపు నడిబొడ్డు విడిచి, దానికి ప్రక్కనున్న తిన్నని జీరగల ముక్క తీయవలెను. నడిబొడ్డు ముక్క ఎండినపుడు నెఱ్ఱె విచ్చును. నీడలో ఏడాదికి తక్కువ గాక ఆరబెట్టవలెను. ఇట్లు కొయ్య నెన్నుకొనుట కొత్తదికాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వనసంప్రవేశమని దీనికొక ప్రత్యేకాధ్యాయమే వ్రాసెను. అది దేవతాప్రతిమలకు చెప్పినదైనను, చెట్టును చూచి కొయ్యను తెలిసికొను కన్ను ఒక్కటే.

సామాన్యులు గొట్టమును పైన నునుపు చేసి పిదప తొలుతురని తలతురు. అది తప్పు. ముందుగా బరమాతో లోపలి బెజ్జము వేసి, ఆ బెజ్జమునే ఆధారముగా తరిమెన కెక్కించి పైభాగము పట్టవలెను. అప్పుడే గోడ చుట్టును ఒకేమందముగా వచ్చును. మెలిక చెక్కునపుడు లోతు గోడలోనికి పోవును గనుక ఒకవైపు పలుచబడినచో అక్కడ తెగును. మా విద్యార్థి కలమునకు జరిగినది ఇదియును. బెజ్జములో ఇత్తడిగొట్టము తొడిగి, మరచుట్టు వచ్చుచోట్ల ఎబొనైటు కట్టు బిగింతురు. కొయ్యలో కోసిన సన్నని మర నాలుగునాళ్లకు అరుగును.

పూర్వపు తరిమెన త్రాటితో లాగునది. ఒకడు త్రాడు లాగును, ఒకడు ఉలి పట్టును. కొయ్య ముందునకు ఒకమాఱు, వెనుకకు ఒకమాఱు తిరుగును. ముందునకు తిరిగినపుడే ఉలి ఆనించవలెను, వెనుకకు తిరుగునపుడు వెండ్రుకవాసి తీయవలెను. ఈ తాళము పిల్లలకు రెండేండ్లు పట్టునట. విద్యుచ్ఛక్తి వచ్చినపిమ్మట ఈ కష్టము పోయినది. మెలికకు మాత్రము యంత్రము నాపవలసినదే. అది నిలిచియున్న కొయ్యమీద చేతిపని.

గొట్టము చుట్టుకొలతను మూడుభాగములు చేసి నిలువుగీతలు మూడు గీయుదురు. పొడవున సమానదూరములలో అడ్డుచుట్లు గీయుదురు. ఒక గడి మూలనుండి ఎదుటిమూలకు ఏటవాలుగా కాగితపుపట్టీ చుట్టి, దాని యంచు వెంట సీసపుగీత దింపుదురు. గీత తెగకుండ ఒక కొననుండి రెండవకొనకు పోయినచో లెక్క సరిపోయినట్లు. ఆ గీతపై సన్నని రంపముతో లోతు వేసి, ముమ్మూల ఆకురాయితోను పిదప గుండ్రని యాకురాయితోను లోయ తీయుదురు. ఇక్కడ నొక మర్మము గలదు. లోయకు రెండు ఒడ్డులు. ఒక యొడ్డున ఉలి క్రిందికి నడచిన జీరవెంట పోవును. రెండవ యొడ్డున అట్లే నడపినచో జీర పెల్లగిల్లును. కావున ఒక యొడ్డు దిగుచు, ఒక యొడ్డు ఎక్కుచు చెక్కవలెను. ఎదురుజీర తెలియనివాడు మూడు లోయలు చక్కగా తీసి నాలుగవది చెడగొట్టునని ఆయన నవ్వుచుండెను.

మెఱుగు పెట్టుటయందును తరిమెన సహాయము లేదు. ఏటికొప్పాకలో తిరుగుచున్న కొయ్యపై లక్కకడ్డీ ఆనించి రంగు పట్టించి, మొగలియాకుతో రుద్ది నిగ్గు తేల్తురు. ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మెలికకొయ్యపై లక్కకడ్డీ ఆనించిన గట్టులకే అంటును, లోయలు కొఱవడును. కావున సన్నని గుడ్డపేలికను పేని, నూనెలో తడిపి, లోయవెంట జంధ్యమువలె చుట్టి ఇటునటు లాగుదురు. గంటలకొలది లాగవలెను.

ఇప్పుడు మాకు అన్నిటికంటె ముచ్చటైన సంగతి. మూతపైని మెలిక గొట్టముపైని మెలికతో కలిసిపోవలెను. లేనిచో విఱిగిన త్రాడువలె కనబడును. మూత మరకు ఒకే మొదలున్నచో మూత ఒకేచోట పట్టుకొనును గాని, బిగించుటకు పలుచుట్లు త్రిప్పవలెను. కలములకు సామాన్యముగా మూడు మొదళ్ల మర వేయుదురు. కొంచెము త్రిప్పగానే బిగియును. కాని మూత ఏ మొదట చిక్కునో తెలియదు. మూడుచోట్ల ఎక్కడనైనను ఎక్కవచ్చును. ఒకేపోగు మెలిక చెక్కినచో మూడింట రెండుమాఱులు కలియదు. ఆయన చాలకాలము ఈ చిక్కుతో పోరాడి, మెలికనే మూడుపోగులుగా చెక్కుట మొదలిడెను. మూడు మొదళ్లు, మూడు పోగులు. ఎక్కడ చిక్కినను మెలిక కలియును. ఆయన నాలుగవ తరగతి చదివినవాడు. మేము దీనిని మా పాఠశాల గణితోపాధ్యాయునకు చూపగా ఆయన కొంతసేపు కలమును త్రిప్పుచు కూర్చుండి, "దీనికి పుస్తకములో పెద్ద అధ్యాయమున్నదండీ" అనెను.

నేటి స్థితిని గూర్చి కొంచెము. దేశమున కొయ్యకలములు మఱల ఆదరము పొందుచున్నవి. పాళీ, ఇత్తడిగొట్టము, మూతకట్టు, జేబుపట్టీ అన్నియు ఒక పొట్లముగా బయటినుండి తెప్పించుకొని, కొయ్యతొడుగు మాత్రము తాము పట్టువారు హెచ్చు. దీనిని మేము నిందింపము. కొయ్య యందముగానే యుండును. కాని అది తొడుగు పని. కలపుపని యనరాదు. కొయ్యకును చిక్కులున్నవి. ఎఱ్ఱచందనము ముఖ్యముగా మన కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతపు కొండలయందు పెరుగునది. 1995నుండి అంతర్జాతీయ వ్యాపారమున నిబంధనలకు లోబడినది. ఇరుగుడుజాతి 2017నుండి అట్లే. ప్రభుత్వపు వేలములో కొన్నదానికి కాగితములుంచుకొనని పనివాడు తుంటకొయ్యతోనైనను చిక్కున పడును. చింతచేవకును, పాతయిండ్ల దూలములకును ఈ బాధ లేదు. పడగొట్టిన మండువాయిండ్ల దూలములు వంటచెఱకుగా పోవుచున్నవి. ఒక దూలములో వందలకొలది కలములున్నవి.

పోషకమహాశయులు మన్నింతురుగాక, మఱియొక మాట వ్రాయక తప్పదు. క్రిందటి మహాసభలో విరాళమిచ్చిన పెద్దలకు కానుకగా కలములిచ్చిరి. మాకును ఒకటి దక్కినది. మెఱుగుపెట్టెలో నుంచిన యంత్రపుకలము, బజారునుండి డజన్లుగా కొన్నది. వడ్లవారును, అగసాలెలును, కంచరులును కూడిన సభలో! కొన్నవారిని మేము తప్పుపట్టము. వారు విచారించినపుడు చేయుటకు ఒప్పుకొన్న పనివాడు ఒక్కడును దొరకలేదట. నూఱు కలములు ఆఱునెలలలో ఎవడు చేయగలడు? కలమునకు మూడునాళ్లు పట్టును. ఇద్దఱు పనివారు ఏడాదికి ముందు మొదలుపెట్టినచో అగును. సభానంతరము కార్యవర్గము కూర్చున్నపుడు ఇది తలచిన చాలును. సగము పైకము ముందుగా నీయవలెను. పనివాడు కొయ్య కొనవలెను గదా.

ఆ పిల్లవాడిప్పుడు హైదరాబాదులో ఒక కర్మాగారమున, గణనయంత్రముచే నడచు తరిమెనపై ఉన్నతోద్యోగి. ఇనుపముక్కపై మెలిక మూడునిమిషములలో కోయును. క్రిందటియేడు మా యింటికి వచ్చి తండ్రి చేసిన కలమును చేతబట్టి చూచెను. కిటికీ సంగతి వానికి జ్ఞాపకమున్నది. మేము అడిగితిమి, క్షమాపణమువంటి మాటలేవో యంటిమి. "ఆ దెబ్బకే నాన్న మూడుపోగులు కనిపెట్టాడు కదండీ మాస్టారూ" అని నవ్వెను. వానికి మెలిక చెక్కుట రాదు. తండ్రి నేర్పలేదు, వాడడుగలేదు. చదువుకొమ్మని ఇద్దఱికిని చెప్పినవారము మేమే.

తండ్రి పనిముట్లు వాడు మాకు అప్పగించిపోయెను: తరిమెన కుదుళ్లు రెండు, ఉలులు తొమ్మిది, ఆకురాళ్లు, గీతలు గీసిన కాగితపుపట్టీలు కొన్ని, సగము చెక్కి విడిచిన గొట్టములు మూడు. సభామంటపమున భోజనశాల ప్రక్కనున్న గదిలో వీనిని మేజాపై నుంచుచున్నాము. మా కలమును గూడ అక్కడనే యుంచెదము. చూడవచ్చినవారు మూత తీసి పెట్టి చూడవచ్చును. ఎక్కడ చిక్కించినను మెలిక కలియును. బిగియగానే విడువవలెను, బలముగా త్రిప్పవలదు. కట్టు పాతబడినది.